రంగం నుంచి వచ్చిన కర్పూరపు చెక్క పెట్టె: వయసు, పుట్టుచోటు ఎలా తేల్చాలి

మీరు రాసినదాని సారాంశం ఇది. కాకినాడలోని మీ అమ్మమ్మగారి ఇంటి నుంచి మీ వాటాకు ఒక చెక్కడపు పెట్టె వచ్చింది. దాని పొడవు 40 అంగుళాలు, వెడల్పు 20, ఎత్తు 23. మూత మీద, ముందు వైపు, రెండు పక్కలా ఖాళీ లేకుండా నగిషీ ఉంది, వెనక వైపు మాత్రం నున్నటి పలక. మూత తీయగానే కర్పూరం వాసన వస్తుంది. అది రెండు వందల ఏళ్ళనాటిదనీ, 1942లో మీ ముత్తాతగారు రంగం (బర్మాలోని రంగూను) నుంచి నడిచి వచ్చినప్పుడు వెంట తెచ్చుకున్నారనీ ఇంట్లో చెప్పుకుంటారు. పాత సామాన్లు కొనే వ్యాపారి ఒకాయన మాత్రం అది విశాఖపట్నం జమీందారీ పనితనమని అన్నారు. ఈ రెండింటిలో ఏది నిజమో, మీ తమ్ముడుగారు దాన్ని అమెరికా తీసుకువెళ్ళవచ్చో లేదో చెప్పమన్నారు.

పాత కొయ్య సామాను మరమ్మతులో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసినవాడిగా నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మీ పెట్టె చైనా వడ్రంగుల పని. షాంఘైలోనో హాంకాంగులోనో ఎగుమతి కోసం తయారై ఉంటుంది. వయసు రెండు వందల ఏళ్ళు కాదు. 1920కీ 1941కీ మధ్య చేసినదనడానికే ఆధారాలు ఎక్కువగా ఉన్నాయి. రంగం దాన్ని కొన్న ఊరే తప్ప చేసిన ఊరు కాదు. ఈ నిర్ణయానికి ఎలా వచ్చానో వివరంగా రాస్తాను. ఫొటోలలో నాకు కనబడనివి కొన్ని మీరే స్వయంగా చూసి సరిపోల్చుకోవలసి ఉంటుంది.

మూత మీది బొమ్మతో మొదలుపెడదాం. మీ అమ్మమ్మగారు దాన్ని భారతంలోని ఘట్టమనుకునేవారని రాశారు. అలా అనుకోవడంలో ఆశ్చర్యం లేదు. చెట్టు కింద గడ్డపు పెద్దమనిషి, ఆయన ముందు చేతులు జోడించిన కుర్రవాడు, వెనక గోపురం కనిపిస్తే మనవాళ్ళకు ఋష్యాశ్రమమే గుర్తొస్తుంది. కానీ ఎడమ మూలన ఉన్న పడవను ఒకసారి దగ్గరగా చూడండి. దాని తెరచాపకు అడ్డంగా, నిచ్చెన మెట్లలాగా, ఒకదాని కింద ఒకటిగా గీతలు ఉన్నాయి. అవి అలంకారం కోసం గీసినవి కావు. చైనా పడవల తెరచాపకు అడ్డంగా వెదురు బద్దలు కట్టి బిగిస్తారు, ఆ బద్దలనే చెక్కినవాడు గీతలుగా చూపించాడు. మన గోదావరి పడవల తెరచాపకు అలాంటి బద్దలు ఉండవు. మీరు గోపురమనుకున్నది అంతస్తు మీద అంతస్తుగా లేచి, ప్రతి అంతస్తు చూరు కొసలూ పైకి తిరిగిన చైనా పగోడా. బర్మా పగోడా అయితే బోర్లించిన గంటలాగా నున్నగా పైకి సన్నబడుతుంది. బర్మా పనివాడు చెక్కిన పెట్టె అయితే నాట్ దేవతలూ, గుడి వాకిట కూర్చునే సింహాలూ, మెలికలు తిరిగే తీగలూ ఎక్కువగా కనిపించేవి. ఇక్కడ కనిపిస్తున్నవి దేవదారు కొమ్మలు, వెదురుపొదలు, వంపు వంతెన, చెట్టు నీడన కూర్చున్న పండితుడు. ఇవన్నీ చైనా ఎగుమతి పెట్టెల మీద పదే పదే వచ్చే బొమ్మలు.

అయితే బొమ్మను బట్టి దేశం తెలుస్తుంది గానీ వయసు తెలియదు, ఎందుకంటే ఇవే బొమ్మలను దశాబ్దాల పాటు అదే తీరులో చెక్కుతూ వచ్చారు. వయసుకు పనికొచ్చే ఆధారం చెక్కడం ఎంత మేర పరుచుకుందన్నది. 19వ శతాబ్దంలో కాంటన్ రేవు నుంచి వచ్చిన కర్పూరపు చెక్క పెట్టెలు ఎక్కువగా నున్నటి పలకలతో, మూలలకు ఇత్తడి రేకులతో ఉండేవి. కొన్నిటికి పైన తోలు తొడిగి రంగులు వేసేవారు. ఓడల్లో తిరిగే అధికారులూ వర్తకులూ బట్టలు దాచుకోవడానికి వాడినవి అవి. మూతా, ముందూ, పక్కలూ నిండిపోయేలా లోతుగా చెక్కి, వెనక వైపు గోడకు ఆనుతుంది కదా అని వదిలేసిన పెట్టెలు ప్రధానంగా 20వ శతాబ్దపు బేరం. విదేశీయుల ఇళ్ళ ముందుగదులను దృష్టిలో పెట్టుకుని చేసిన సరుకు. ఆ ఒక్క సంగతితోనే రెండు వందల ఏళ్ళ మాట నిలబడదు.

కొయ్య విషయంలో పెద్ద చిక్కేమీ లేదు. లోపలి పలక పసుపు కలిసిన గోధుమ రంగులో, అక్కడక్కడ ఎర్రటి చారలతో, పాలిష్ లేకుండా ఉందని రాశారు. అది కర్పూరపు చెట్టు చెక్కే. లోపల వార్నిష్ వేయకుండా కావాలనే వదిలేస్తారు; వాసన బయటికి వస్తేనే పురుగు దరిచేరదు, దాని కోసమే ఆ పెట్టెను కొనేది. వాసన మరీ తగ్గిందనిపిస్తే లోపల ఒక మూల అరచేతి మేర సన్నటి గరుకు కాగితంతో తేలికగా రుద్ది, పొడి తుడిచి వాసన చూడండి. చేవలోని కర్పూరం మళ్ళీ ఘాటుగా తగులుతుంది. ఈ పరీక్షకు ముందు మీ ఇంట్లోవాళ్ళు అందులో వేసిన కలరా ఉండలు తీసేసి వారం రోజులు మూత తెరిచి ఉంచాలి, లేకపోతే ఏ వాసన దేనిదో తేలదు. ఇంకొక సంగతి కూడా గమనించండి. యుద్ధం తరువాత, ముఖ్యంగా 1950లలోనూ 1960లలోనూ హాంకాంగులో చేసిన చాలా పెట్టెలకు బయటి పలక టేకు, లోపలి పొర మాత్రం కర్పూరపు చెక్క. మీ మూత అంచును పక్క నుంచి చూస్తే లోపలికీ బయటికీ ఒకే పలక కనిపిస్తోంది. మీ పెట్టె అంతకు ముందుదనడానికి అది ఒక మంచి సూచన.

ఇప్పుడు మీరు అసలు చేయవలసిన పని. పెట్టెను ఖాళీ చేసి, ఇద్దరు మనుషుల సాయంతో మెత్తటి దుప్పటి మీద వెనక్కి పడుకోబెట్టి, అడుగు భాగాన్ని పగటి వెలుతురులో చూడండి. పాత సామాన్ల దుకాణంలో కొనేవాడు మూత మీది నగిషీని చూస్తాడు, మరమ్మతు చేసేవాడు అడుగును చూస్తాడు. పైభాగానికి రంగు పూయవచ్చు, మసి రాసి మెరుగు తగ్గించవచ్చు. అడుగును మాత్రం ఎవరూ అంతగా పట్టించుకోరు గనుక అది ఉన్నదున్నట్టుగా మిగిలిపోతుంది.

అడుగున పలకలు రెండు మూడు ఉండి, వాటి మధ్య సన్నటి సందులు పడి ఉంటే మంచిదే. కొయ్య పొడవు దిక్కున దాదాపు కుంచించుకోదు, అడ్డంగానే కుంచించుకుంటుంది. సముద్రపు గాలికి ఉబ్బుతూ, ఎండాకాలంలో ఆరుతూ డెబ్భై ఎనభై ఏళ్ళు గడిచిన పలకల మధ్య గోరు దూరేంత ఎడం రావడం సహజం. అడుగున ప్లైవుడ్ ఉంటే, అది తరువాత వేసిన మరమ్మతు కాకపోతే, పెట్టె యుద్ధం తరువాతది అయ్యే అవకాశమే ఎక్కువ. మరమ్మతా కాదా అన్నది అంచున తెలుస్తుంది. మొదటి నుంచీ ఉన్న అడుగు పక్క పలకల గాడిలో కూర్చుని ఉంటుంది. తరువాత వేసినది అయితే కింది నుంచి మేకులతో కొట్టి ఉంటుంది, పక్కన పాత మేకుల ఖాళీ రంధ్రాలు కూడా కనిపిస్తాయి.

మూలల అతుకుల గురించి చాలామంది పొరపాటు పడతారు. మీ పెట్టెకు మూలల్లో పావురం తోకలాగా విచ్చుకున్న పళ్ళు ఒకదానిలో ఒకటి ఇరుక్కుని ఉన్నాయి, వడ్రంగులు డవ్‌టెయిల్ అతుకు అంటారు. ఆ పళ్ళు సమానంగా లేవు కాబట్టి చేత్తో కోసినవి, చేత్తో కోసినవి కాబట్టి చాలా పాతవి అని మీకు ఎవరో చెప్పారు. యూరోపు, అమెరికా సామాను విషయంలో ఆ తర్కం కొంతవరకు చెల్లుతుంది, అక్కడ 19వ శతాబ్దపు చివరికే యంత్రాలు ఆ పని అందుకున్నాయి. చైనా, హాంకాంగు వడ్రంగులు 1960ల దాకా కూడా వాటిని చేత్తోనే కోశారు. రంపపు గుర్తులదీ అదే కథ. గుండ్రటి యంత్రపు రంపం విల్లులాంటి వంపు గీతలు వదులుతుంది, ఇద్దరు మనుషులు లాగే రంపం తిన్నటి గీతలు వదులుతుంది. మీ వెనక పలక మీద తిన్నటి గీతలే ఉన్నాయి. అవి చేతిపనిని చెబుతాయి, కాలాన్ని చెప్పవు.

కాలాన్ని కొంత కచ్చితంగా చెప్పేవి లోహపు ముక్కలు. మూతను పెట్టెకు కలిపే ఒక బందును పట్టుకున్న స్క్రూలలో ఒకదాన్ని, తలకు సరిగ్గా సరిపోయే స్క్రూడ్రైవరుతో, మెల్లగా విప్పి చూడండి. మొన మొద్దుగా ఉండి, తల మీది గాడి నడిమధ్యకు కాస్త పక్కకు జరిగి ఉంటే అది 19వ శతాబ్దం మధ్యకు ముందరి చేతి స్క్రూ అయ్యే అవకాశం ఉంది. మొన సూదిగా ఉండి మరలు సమానంగా ఉంటే ఆ తరువాతది. తల మీద ప్లస్ గుర్తు ఉంటే 1930ల నడుమ పేటెంటు పొందిన రకం, ఆసియా వడ్రంగుల చేతికి అది విరివిగా వచ్చింది యుద్ధం తరువాతే. మీరు పంపిన దగ్గరి ఫొటోలో ఒకే గాడి ఉన్న ఇత్తడి స్క్రూలు కనిపిస్తున్నాయి, మొన చూడలేదు కాబట్టి మొదటి రెండింటిలో ఏదో మీరే చెప్పాలి; సూదిమొనే వస్తుందని నా అంచనా. మేకులు కూడా చూడండి. గుండ్రటి తీగతో చేసిన మేకులు 19వ శతాబ్దపు చివరి నుంచే మార్కెట్టు నిండా వచ్చాయి.

స్క్రూల విషయంలో నాకు తగిలిన దెబ్బ ఒకటి చెబుతాను. చాలా ఏళ్ళ కిందట ఒక కుటుంబం ఇలాంటి పెట్టెనే చూపించినప్పుడు, బందుకు ప్లస్ గుర్తు స్క్రూలు చూసి, ఇది 1950ల తరువాతది అని అక్కడికక్కడే చెప్పేశాను. వాళ్ళు నా మాట నమ్మి చవకగా ఇచ్చేశారు. ఆరు నెలల తరువాత అదే పెట్టె మరమ్మతుకు నా దగ్గరికే వచ్చింది. బందు ఊడదీస్తే కింద పాత బందు తాలూకు మచ్చ, నాలుగు పూడ్చిన రంధ్రాలు బయటపడ్డాయి. బందు మారింది, పెట్టె అంతకంటే పాతది. అప్పటి నుంచి బందు కింద ఖాళీ రంధ్రాలు ఉన్నాయో లేవో చూడకుండా నేను ఏ పెట్టె వయసూ చెప్పడం లేదు. మీరు కూడా స్క్రూ విప్పినప్పుడు బందును కాస్త పక్కకు జరిపి, దాని కింద కొయ్య రంగు బందు ఆకారంలోనే లేతగా ఉందా, వేరే ఆకారపు మచ్చ ఉందా చూడండి.

మీ తాళం నాకు చాలా నచ్చింది. గుండ్రటి ఇత్తడి బిళ్ళ, దాని మీదికి మూత నుంచి దిగే నాలుక, రెంటి కొక్కేలలోంచి అడ్డంగా దూర్చే కడ్డీ తాళం, ఇది అచ్చమైన చైనా పద్ధతి. బిళ్ళ అంచు కింద కొయ్య బయటి కొయ్యకంటే లేత రంగులో ఉందని మీరే రాశారు కాబట్టి అది మొదటి నుంచీ ఉన్నదే.

ఇక 1942 కథ. ఇందులో కొట్టివేయవలసింది కొంత, నిలబెట్టుకోవలసింది కొంత ఉంది. రంగూను మీద జపాను విమానాలు మొదట బాంబులు వేసింది 1941 డిసెంబరు 23న. 1942 మార్చి 8 నాటికి నగరం జపాను చేతికి పోయింది. ఆ నడుమా, ఆ తరువాతా లక్షల మంది భారతీయులు అరకాను మీదుగా చిట్టగాంగు వైపూ, తమూ మీదుగా మణిపూరు వైపూ నడిచి వచ్చారు. వారిలో మన కోస్తా జిల్లాలవాళ్ళు చాలామంది. బర్మాలో తెలుగువాళ్ళను కోరంగీలని పిలిచేవారంటే, మీ కాకినాడ పక్కనున్న కోరంగి రేవుకూ ఆ దేశానికీ ఉన్న అనుబంధం అలాంటిది. కలరా, మలేరియా, ఆకలి తట్టుకుని బతికి బయటపడిన మనిషి, ఖాళీగా ఉన్నప్పుడే ఇద్దరు పట్టుకోవలసిన పెట్టెను కొండదారుల్లో మోసుకొచ్చాడంటే నమ్మడం కష్టం. మీ ముత్తాతగారు నడిచి వచ్చారన్నది నిజమే కావచ్చు. పెట్టె రంగం నుంచి వచ్చిందన్నదీ నిజమే కావచ్చు. రెండూ ఒకే ప్రయాణంలో జరిగి ఉండవు. ఇంటి కథల్లో ఇలా రెండు ప్రయాణాలు ఒకటైపోవడం నేను చాలా చూశాను.

పెట్టె ఓడలోనే వచ్చి ఉండాలి. రంగూనుకూ మన తీరానికీ మధ్య బ్రిటిష్ ఇండియా స్టీం నావిగేషన్ కంపెనీ ఓడలు నడిచేవి. కాకినాడలో ఓడ ఒడ్డుకు దూరంగా లంగరు వేస్తే మనుషులూ సరుకూ పడవల మీద రేవుకు చేరేవారు. మీ ముత్తాతగారు 1930లలో ఏ పెళ్ళికో సంక్రాంతికో ఊరు వచ్చినప్పుడు తెచ్చి ఉంటారన్నది అన్నిటికంటే సులువైన వివరణ. రంగూనులో చైనావాళ్ళ పేట పెద్దది, షాంఘై, హాంకాంగు సరుకు అక్కడ దొరకడంలో వింత లేదు. ఇంకో దారి కూడా ఉంది. యుద్ధం తరువాత తిరిగి బర్మా వెళ్ళి స్థిరపడినవాళ్ళు, 1962లో సైన్యం అధికారం పట్టి, 1963-64లలో వ్యాపారాలను జాతీయం చేశాక మళ్ళీ ఓడలెక్కారు. అయితే అప్పుడు వెంట తెచ్చుకునే నగల మీదా డబ్బు మీదా కఠినమైన ఆంక్షలు ఉండేవి. మీ కుటుంబంలో ఎవరైనా రెండోసారి బర్మా వెళ్ళారా అని పెద్దవాళ్ళను అడగండి. ఎవరూ వెళ్ళకపోతే 1941కి ముందు అన్న నా అంచనా మరింత బలపడుతుంది. వెనక పలక మీదా అడుగునా తెల్లరంగుతో రాసిన పేరు, పొడి అక్షరాలు, రేవు పేరు లాంటివి వెలిసిపోయి ఉన్నాయేమో టార్చిలైటును పలకకు ఏటవాలుగా పట్టి చూడండి. ఓడ ప్రయాణానికి సామాను మీద పేరు రాయించడం మామూలే కాబట్టి, అలాంటి గీత ఒక్కటి దొరికినా ఈ నా పేజీల తర్కమంతటికీ సమానం.

విశాఖపట్నం మాట ఎందుకు కుదరదో కూడా చెప్పాలి, ఎందుకంటే ఆ పేరు తగిలిస్తే ధర పెరుగుతుంది. విశాఖ పనితనం గొప్పదే. 18వ, 19వ శతాబ్దాలలో అక్కడి కంసాలులు ఇరుగుడు, చందనం చెక్క మీద దంతపు రేకులు పొదిగి, వాటి మీద సన్నటి గీతలు గీసి నల్లటి లక్క నింపి, ఆంగ్లేయుల కోసం పెట్టెలూ బల్లలూ చేశారు. లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో వాటి మేలైన నమూనాలు ఉన్నాయి. కానీ అది పొదుగుడు పని, మీది ఉలితో తొలిచిన పని. రెంటికీ చుట్టరికం లేదు. కాశ్మీరు అక్రోటు చెక్క పెట్టె అయితే చినారు ఆకులు కనిపించేవి, సహారన్‌పూరు శీశం పెట్టె అయితే బరువూ రంగూ వేరు, మన ఇళ్ళలో అటక కిందో పడకగదిలోనో ఉండే భోషాణం అయితే నగిషీ కంటే ఇనుప పట్టీలూ బలమైన పలకలూ ముఖ్యం.

లోపలి తట్ట కింద చిరిగిన కాగితపు ముక్క ఒకటి అంటుకుని ఉందనీ, దాని మీద రెండు చైనా అక్షరాలూ, ఇంగ్లీషులో ఏవో మూడక్షరాలూ ఉన్నాయనీ మీ ఉత్తరం చివర ఒక్క వాక్యంలో రాశారు. దాన్ని మొదట రాయవలసింది! దయచేసి దాన్ని గీకవద్దు, తడపవద్దు. పగటి వెలుతురులో, పక్కన స్కేలు పెట్టి, నిటారుగా ఒక ఫొటో తీయండి. అది దుకాణం చీటీ అయితే ఊరి పేరు ఉంటుంది. ఆ మూడు ఇంగ్లీషు అక్షరాలూ షాంఘై పేరు చివరివో హాంకాంగు పేరు చివరివో తెలిస్తే పుట్టుచోటు సందేహం దాదాపు తీరిపోయినట్టే. చీటీ మీద దేశం పేరు లేకపోతే పెట్టె 1891కి ముందుదని కొందరు వాదిస్తారు. ఆ ఏడు నుంచి అమెరికాకు వెళ్ళే సరుకు మీద దేశం పేరు ఉండాలన్న నియమం వచ్చిన మాట నిజం, కానీ రంగూనుకు వెళ్ళిన పెట్టెకు ఆ నియమంతో పని లేదు.

మీ తమ్ముడుగారి ప్రశ్నకు జవాబు ఇది. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు నిండిన కళావస్తువును ప్రైవేటు వ్యక్తి దేశం దాటించడానికి వీలు లేదు. మీ పెట్టె నా లెక్కన ఆ గీతకు దగ్గరలోనే ఉంది, బహుశా ఈవలే. కానీ రేవులో ఉన్న కస్టమ్స్ అధికారికి చెక్కడం నిండిన పాత పెట్టె కనిపిస్తుంది తప్ప నా లెక్క కనిపించదు. కనుక పంపేముందే భారత పురావస్తు సర్వేక్షణ శాఖకు ఫొటోలతో దరఖాస్తు చేసి, ఇది పురావస్తువు కాదన్న ధ్రువపత్రం తీసుకోవాలి. ఆ పని అయ్యేదాకా షిప్పింగు కంపెనీకి డబ్బు కట్టవద్దు.

పాలిష్ గురించి అడిగారు. బయట మెత్తటి పొడి కుంచెతో చెక్కడం సందుల్లోని దుమ్ము దులిపి, రంగులేని మైనం పలచగా రాస్తే చాలు. గరుకు కాగితం పట్టి కొత్త మెరుగు తెప్పిస్తానని ఎవరైనా వస్తే ఒప్పుకోకండి, ముక్కులూ వేళ్ళూ అరిగిపోయిన బొమ్మలను తిరిగి చెక్కలేం. లోపల ఏమీ పూయవద్దు. పట్టుచీరలు పెట్టేటట్టయితే కొయ్యలోని నూనె మరక పడకుండా ఉతికిన పాత నూలు పంచెలో చుట్టి పెట్టండి. మూత మీది పొడవాటి బీటకు పుట్టీ పెట్టించవద్దు. వానాకాలంలో అది తనంతట తానే సగం మూసుకుంటుంది, పుట్టీ పెడితే మూసుకోవడానికి చోటు లేక పక్కన ఇంకో బీట పడుతుంది.

స్క్రూ మొన, బందు కింది మచ్చ, అడుగు పలకలు, ఆ కాగితపు ముక్క, ఈ నాలుగింటి ఫొటోలు పంపితే 1920 నుంచి 1941 అన్న నా లెక్కను ఇంకా దగ్గరకు తేవచ్చు, లేదా నేనే మార్చుకోవచ్చు. కాళ్ళు విడిగా చేసి కింద తగిలించినవి అయితే వాటిని మాత్రం మీరు విప్పవద్దు.